కొనేవాళ్లు ఈడీఐ అడిగితే పోర్టలా, సర్వీస్ కంపెనీనా, సొంత సర్వరా? చిత్తూరు, తిరుపతి యూనిట్లకు ఏది మేలు

మామిడి గుజ్జు కొనే యూరప్ కంపెనీ నుంచో, శ్రీసిటీలో విడిభాగాలు తీసుకునే పెద్ద ఫ్యాక్టరీ నుంచో ఒక మెయిల్ వస్తుంది. ఫలానా తేదీ నుంచి ఆర్డర్లు, లోడు వివరాలు, ఇన్వాయిస్‌లు అన్నీ ఈడీఐలోనే, అంటే మధ్యలో ఎవరూ టైప్ చేయకుండా కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు వెళ్లే పత్రాలుగానే నడవాలని. యజమాని ఆడిటర్‌ను అడుగుతారు, ఆడిటర్ ట్యాలీ చూసే అబ్బాయిని అడగమంటారు, ఆ అబ్బాయి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి కొటేషన్ తెప్పిస్తాడు. ఆ అంకె చూశాక ఆఫీసంతా టెన్షన్. అంత డబ్బయినా పెట్టాలి, లేదంటే ఆ పార్టీనైనా వదులుకోవాలి అని చాలామంది అక్కడే ఆగిపోతారు. దారులు ఇంకా ఉన్నాయి. వాటిలో చవకైన దారే మన దగ్గర చాలా యూనిట్లకు సరిపోతుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. కొనేవాళ్లు ఒకరిద్దరే ఉండి, నెలకు పత్రాలు పదుల్లోనే ఉంటే వాళ్ల వెబ్ పోర్టల్ చాలు. కొనేవాళ్లు పెరిగినా, ఒక్కో లోడులో వరుసలు పెరిగినా సర్వీస్ కంపెనీ ద్వారా ఈడీఐ పెట్టుకోవాలి. సొంత సర్వర్ అవసరమయ్యేవాళ్లు మన రెండు జిల్లాల్లో బహు కొద్దిమంది. టర్నోవర్ చూసి ఈ నిర్ణయం తీసుకోకూడదు. నెలకు ఎన్ని పత్రాలు, ఒక్కో పత్రంలో ఎన్ని వరుసలు అన్నదే చూడాలి.

ఇంతకీ ఏది ఈడీఐ?

ఎలక్ట్రానిక్ డేటా ఇంటర్‌చేంజ్ అంటే ఒక కంపెనీ కంప్యూటర్ నుంచి ఇంకో కంపెనీ కంప్యూటర్‌కు, ఇద్దరూ ముందే ఒప్పుకున్న అమరికలో, మధ్యలో ఎవరూ మళ్లీ టైప్ చేయకుండా వెళ్లే పత్రం. మెయిల్లో పీడీఎఫ్ పంపితే అది ఈడీఐ కాదు. దాన్ని అవతల ఎవరో కూర్చుని తమ సిస్టమ్‌లోకి ఎక్కించాల్సిందే. జర్మనీలో 2025 జనవరి 1 నుంచి అక్కడి వ్యాపారాలన్నీ తమలో తాము ఈ-ఇన్వాయిస్ అందుకోగలిగేలా ఉండాలి, మామూలు పీడీఎఫ్‌ను ఈ-ఇన్వాయిస్‌గా ఒప్పుకోరు. ఆ నిబంధన వాళ్ల దేశం లోపలి వ్యాపారానికే. అయినా అక్కడి కొనుగోలుదారు మనల్ని కూడా ఎందుకు అడుగుతున్నాడో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మనకు ఇది మరీ కొత్తేమీ కాదు. జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ 2020 అక్టోబర్ 1న 500 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లతో మొదలైంది. మెట్టు మెట్టుగా దిగి 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటినవాళ్లందరికీ వచ్చింది. ట్యాలీలోంచి జేసన్ (కంప్యూటర్ చదివే ఒక అమరిక) ఫైలు జీఎస్టీ పోర్టల్‌కు వెళ్తుంది, 64 అక్షరాల ఐఆర్ఎన్ (ఇన్వాయిస్ గుర్తింపు నంబర్), క్యూఆర్ కోడ్ తిరిగి వస్తాయి. ఎగుమతి ఇన్వాయిస్‌లకూ ఇదే పద్ధతి. అంటే పద్ధతి ప్రకారం డేటా పంపడం చాలా యూనిట్లకు ఇప్పటికే అలవాటైపోయింది. అయితే ఆ ఐఆర్ఎన్ ఉంది కదా అని కొనుగోలుదారు ఈడీఐ అడగడం మానడు. జీఎస్టీ ఫైల్లో కొనుగోలు ఆర్డర్ నంబర్‌కు చోటుంది కానీ అది తప్పనిసరి కాదు. కొనుగోలుదారుకు మాత్రం ఆ నంబరే ప్రాణం.

ఎడిఫ్యాక్టా, ఎక్స్12నా, ఎక్స్ఎంఎల్లా?

ఇవి ఈడీఐ పత్రాల అమరికలు. వీటి మీద ఎక్కువ తల బద్దలు కొట్టుకోవద్దు, ఎందుకంటే ఎంచుకునేది మనం కాదు. అమెరికా పార్టీ అయితే దాదాపుగా ఎక్స్12 అడుగుతుంది. 1979లో ఏర్పడిన కమిటీ తయారుచేసిన ప్రమాణం అది. అందులో పత్రాలను నంబర్లతో పిలుస్తారు: 850 అంటే కొనుగోలు ఆర్డర్, 856 అంటే లోడు ముందస్తు సమాచారం, 810 అంటే ఇన్వాయిస్. యూరప్ పార్టీ అయితే ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో వచ్చిన ఎడిఫ్యాక్ట్ అడుగుతుంది. దాని వాక్యనిర్మాణం 1987లో ఐఎస్ఓ 9735గా ప్రమాణమైంది. అవే మూడు పత్రాలు అక్కడ ఆర్డర్స్, డెస్‌అడ్వ్, ఇన్వాయిక్. కొత్తగా కట్టుకున్న సిస్టమ్‌లున్నవాళ్లు ఎక్స్ఎంఎల్, జేసన్ అడుగుతారు. అవి మనిషి కళ్లకు కాస్త చదవడానికి వీలుగా ఉంటాయి, ఫైలు మాత్రం బరువెక్కుతుంది.

ఎడిఫ్యాక్ట్ ఫైలు తెరిస్తే మొదట భయమేస్తుంది, రెండు మూడు వరుసలు అర్థమైతే ఆ భయం పోతుంది. ఉదాహరణకు డీటీఎం+137:20260305:102' అని ఉంటుంది. 137 అంటే పత్రం తేదీ. చివరి 102 అంటే ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత రోజు అని. 05/03 అని రాస్తే మనకు మార్చి 5, అమెరికావాళ్లకు మే 3. ఆ తకరారుకు ఇక్కడ తావే లేదు.

పరిమాణం సంగతి ఇంకా ముఖ్యం. క్యూటీవై+21:80' అంటే ఆర్డర్ చేసిన పరిమాణం 80. లోడు పత్రంలో అదే వరుస క్యూటీవై+12 అవుతుంది, అంటే పంపిన పరిమాణం. ఇన్వాయిస్‌లో క్యూటీవై+47, అంటే బిల్లు చేసిన పరిమాణం. అవతలి కంప్యూటర్ ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఆర్డర్ 80 డ్రమ్ములు, ఎక్కించింది 78, బిల్లులో అలవాటు కొద్దీ 80 పడిందనుకోండి, మన డబ్బు అక్కడే ఆగుతుంది. ఫోన్ చేసి సర్దిచెప్పే మనిషి ఆ సిస్టమ్‌లో ఉండడు.

కొలత యూనిట్ దగ్గర కూడా ఇదే చిక్కు. తోతాపురి గుజ్జు ఎసెప్టిక్ (సూక్ష్మక్రిములు చేరకుండా నింపే) డ్రమ్ముల్లో సాధారణంగా 215 కిలోల లెక్కన వెళ్తుంది, 20 అడుగుల కంటైనర్‌లో 80 డ్రమ్ములు. కొనేవాడు 17,200 కిలోలని ఆర్డర్ ఇచ్చి, మనం 80 డ్రమ్ములని బిల్లు చేస్తే మనిషికి రెండూ ఒకటే. కంప్యూటర్‌కు 17,200 ఎక్కడ, 80 ఎక్కడ! ఫార్మాట్ ఏదైనా ఈ తప్పు దొర్లుతుంది. అందుకే కోడ్లు, కొలత యూనిట్లు మన ఐటమ్ మాస్టర్‌లో (సిస్టమ్‌లోని సరుకుల జాబితాలో) సరిచేసుకోకుండా ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా లాభం లేదు.

పోర్టల్: చవకే కానీ వేళ్లు అరుగుతాయి

చాలా పెద్ద కంపెనీలు చిన్న సప్లయర్ల కోసం వెబ్ పోర్టల్ పెడతాయి. మనం లాగిన్ అయి వచ్చిన ఆర్డర్ చూసి, లోడు వివరాలు నింపి, ఇన్వాయిస్ ఎక్కిస్తాం. లోపల ఈడీఐ ఫైలుగా మార్చే పని పోర్టల్‌దే. పెట్టుబడి దాదాపు లేదు. కంప్యూటర్, ఇంటర్నెట్, ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసే మనిషి ఉంటే చాలు.

ఒక్కో లోడుకు పోర్టల్లో ఇరవై నిమిషాలు పడుతుందనుకోండి. నెలకు పది లోడ్లయితే మూడు గంటల పైచిలుకు పని, అంతే. దానికోసం ఈడీఐ సాఫ్ట్‌వేర్ పెట్టడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. అదే జూన్, జూలైలో సీజన్ నడుమ రోజుకు ఐదారు కంటైనర్లు వెళ్తుంటే పరిస్థితి వేరు. ఒక్కో కంటైనర్‌లో నాలుగైదు లాట్లు, లాటుకో తయారీ తేదీ, బ్రిక్స్ (తీపి కొలత), గడువు తేదీ. లాట్ రిజిస్టర్ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో టైప్ చేస్తూ, మధ్యలో పోర్టల్ సెషన్ ఆగిపోతే మళ్లీ మొదటినుంచీ. అప్పటికే బయట డ్రైవర్ హారన్ కొడుతుంటాడు, చెన్నై పోర్టులో గేటు మూసే టైమ్ దగ్గర పడుతుంటుంది. లాట్ నంబర్లో ఒక అంకె తారుమారయ్యేది సరిగ్గా ఆ వేళలోనే.

ఇంకో లోపం ఉంది, ఎవరూ ముందు చెప్పరు. పోర్టల్ వాళ్లది, డేటా అక్కడుంటుంది. వ్యాపారం ఆగిపోయి వాళ్లు లాగిన్ మూసేస్తే పాత పత్రాలు మన చేతిలో ఉండవు. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి. కాబట్టి పోర్టల్ వాడేవాళ్లు ప్రతి నెలా అన్నీ దించుకుని దాచుకోండి.

సర్వీస్ కంపెనీ ద్వారా

ఇక్కడ మన ట్యాలీ లేదా ఈఆర్పీ (కంపెనీ పనులన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) నుంచి ఒక ఫైలు వాళ్లకు వెళ్తుంది. వాళ్లు దాన్ని ఎడిఫ్యాక్ట్‌గానో ఎక్స్12గానో మార్చి కొనుగోలుదారుకు చేరవేస్తారు, అటునుంచి వచ్చే ఆర్డర్‌ను మనకు అర్థమయ్యే రూపంలోకి మారుస్తారు. మన ఐటమ్ కోడ్‌ను వాళ్ల ఐటమ్ కోడ్‌తో జతపరిచే ఈ పనినే మ్యాపింగ్ అంటారు. ఖర్చులో పెద్ద భాగం మ్యాపింగ్‌కే, అదీ ఒక్కో కొనుగోలుదారుకు, ఒక్కో పత్రానికి విడివిడిగా.

దీని అసలు లాభం ఇన్వాయిస్‌లో కన్నా లోడు ముందస్తు సమాచారంలో, అంటే ఏఎస్ఎన్‌లో కనిపిస్తుంది. మెయిల్ రాగానే అందరూ ఇన్వాయిస్ గురించే కంగారుపడతారు. కొనేవాడి గోడౌన్‌కు కావాల్సింది బండి రాకముందే చేరే ఏఎస్ఎన్. ఒక్కో పాలెట్‌కు 18 అంకెల ఎస్ఎస్‌సీసీ నంబర్ లేబుల్ మీద బార్‌కోడ్‌గా ఉంటుంది, అదే నంబర్ ఏఎస్ఎన్‌లోనూ ఉంటుంది. అక్కడ స్కానర్‌తో ఒక్కసారి చూపితే ఏ లాటు, ఎన్ని డ్రమ్ములు అన్నీ తెలిసిపోతాయి. ఈ నంబర్లు చేత్తో టైప్ చేయడం మాత్రం శిక్షే. లేబుల్ ప్రింటయ్యేదీ ఏఎస్ఎన్ తయారయ్యేదీ ఒకే డేటా నుంచి అయితే తప్పుకు చోటుండదు. శ్రీసిటీ చుట్టుపక్కల వాహన విడిభాగాలు చేసేవాళ్లకు ఇది ఇంకా అవసరం. వాళ్లకు ఆర్డర్ ఒక్కసారి రాదు, సరఫరా షెడ్యూల్ మారుతూ వస్తూనే ఉంటుంది. మారిన షెడ్యూల్‌ను ప్రతిసారీ ఎక్సెల్‌లోకి ఎక్కించుకుంటూ కూర్చుంటే ఏదో ఒక రోజు పాత షెడ్యూల్ ప్రకారం లోడు వెళ్లిపోతుంది.

సంతకం పెట్టేముందు కొన్ని సంగతులు రాతలో తీసుకోండి. చార్జీ పత్రానికా, అక్షరాల లెక్కనా, నెలకు కనీస మొత్తం ఉందా? కొనుగోలుదారు ఎడిఫ్యాక్ట్‌లో డీ.96ఏ వెర్షన్ నుంచి డీ.01బీకి మారితే మళ్లీ డబ్బు కట్టాలా? కంపెనీ మార్చుకుంటే మ్యాపింగ్ మనకు ఇస్తారా? ఫైలు తిరిగొచ్చినప్పుడు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ ఎత్తేదెవరు? నన్నడిగితే ఈ చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. కొటేషన్లో రేటు కొంచెం ఎక్కువైనా, సీజన్లో ఫోన్ ఎత్తే కంపెనీకే నా ఓటు.

సొంత సర్వర్

కొనుగోలుదారుతో నేరుగా ఏఎస్2 ద్వారా కలవడం ఇది. 2005లో ఆర్ఎఫ్‌సీ 4130 అనే ఇంటర్నెట్ ప్రమాణంగా వచ్చిన, ఫైళ్లు పంపే పద్ధతి. ఫైలు ఇంటర్నెట్ మీద గుప్తంగా, డిజిటల్ సంతకంతో వెళ్తుంది, అందినట్టు ఎండీఎన్ అనే రసీదు తిరిగొస్తుంది. పత్రానికింత అని కట్టే పని లేదు. బదులుగా సర్వర్ 24 గంటలూ నడవాలి, సర్టిఫికెట్ గడువు తీరకముందే మార్చాలి, దీన్ని చూసే మనిషి జీతం మీద ఉండాలి. రోజూ వందల పత్రాలు నడిచే ఫ్యాక్టరీకి గిట్టుబాటు. ఏడాదిలో మూడు నెలలే జోరుగా నడిచే గుజ్జు యూనిట్‌కు నేను సిఫారసు చేయను.

ఏ దారి అయినా ఒక జాగ్రత్త ఉంది. అందినట్టు రసీదు వచ్చిందంటే ఇన్వాయిస్ ఒప్పుకున్నారని కాదు. ఎక్స్12లో 997, ఎడిఫ్యాక్ట్‌లో కంట్రోల్ సందేశం చెప్పేది ఫైలు అమరిక బాగుందా లేదా అనే. ధర, పరిమాణం సరిపోయాయా అన్నది వేరే సంగతి. అది కొనుగోలుదారు నుంచి విడిగా తెలియాలి.

మొదలుపెట్టే సమయం కూడా చూసుకోవాలి. గుజ్జు యూనిట్లు జనవరి, ఫిబ్రవరిలోనే టెస్టింగ్ ముగించాలి. దామలచెరువు మండీకి కాయ రావడం మొదలయ్యాక ఆఫీసులో ఎవరికీ తీరిక ఉండదు. టెస్ట్ ఫైళ్లన్నీ ఆర్డర్‌కు సరిగ్గా సరిపోయే లోడ్లతోనే చేసి సరిపెట్టుకోకండి. ఒకటి కావాలనే తక్కువగా పంపండి: ఆర్డర్ 80, ఎక్కించింది 78, రెండు వేర్వేరు లాట్లు. ఆ లోడు ఏఎస్ఎన్ నుంచి ఇన్వాయిస్ దాకా ఎక్కడా తిరిగి రాకుండా వెళ్లాకే లైవ్‌కు ఒప్పుకోండి.