నరాల టెస్ట్ క్యాంపులో 16,500 పోయాయి, కోనసీమ వాళ్ళు కాస్త చూసుకోండి

అందరికీ నమస్కారం అండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, ఇంట్లోనే మిషన్ కుడతాను. ఈమధ్య మన వైపు కళ్యాణమండపాల్లో ఆదివారం పూట నరాల టెస్ట్ క్యాంపులని పెడుతున్నారు కదా, వెళ్దామనుకునే వాళ్ళు ముందు ఇది చదవండి.

నాకు 34 ఏళ్ళు. పోయిన వేసవి నుంచి రెండు అరికాళ్ళూ తిమ్మిర్లు, కుట్టు పని వల్లే అనుకుని ఊరుకున్నాను. ఓరోజు కాలవ గట్టు మీద నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు ఊడిపోయింది, నాకు తెలీనే లేదు, వెనకాల వస్తున్న మా తోడికోడలు "అక్కా, చెప్పేదే?" అని అరిస్తే చూసుకున్నాను, కంకర మీద ఉత్తకాలితో నడుస్తున్నా ఒక్క రాయి కూడా గుచ్చుకున్నట్టు లేదు. ఆ రాత్రి ఫోన్‌లో వెతికితే మల్టిపుల్ స్క్లీరోసిస్ (ఎమ్మెస్ అంటారు, మెదడు, వెన్నులో నరాల పైపొర దెబ్బతినే జబ్బు) అని వచ్చింది, ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ళ మధ్య మొదలవుద్ది, ఆడవాళ్ళకే ఎక్కువ అని చదివేసరికి ఇంక నాకదే అని మనసులో పడిపోయింది. పిల్లల మొహాలు చూస్తూ తెల్లార్లూ మేలుకునే ఉన్నాను.

సరిగ్గా అప్పుడే క్యాంపు పాంప్లెట్ చేతికొచ్చింది, టెస్టు 499. ఇత్తడి రంగు రాడ్డు ఒకటి గుప్పిట్లో పట్టుకోమన్నారు, దాని వైరు లాప్‌టాప్‌కి ఉంది, నిమిషం తిరక్కుండా ముప్ఫై పేజీల పైన రిపోర్టు ఇచ్చేరు. సూది గుచ్చలేదు, కాలు ముట్టుకుని చూడలేదు. "నరాల పైపొర సగం పోయిందమ్మా, ఎమ్మెస్ స్టార్టింగు, ఇంకో ఆర్నెల్లు ఆగితే వీల్‌చైరే" అన్నాడు ఆ క్యాంపులో టెస్టు చేసినతను. మూడు నెలల పొడి కోర్సు 16,500. మా ఆయన చీటీ పాడిన డబ్బులు అక్కడే ఫోన్‌పే చేసేసేం. బిల్లు అడిగితే తెల్ల కాయితం మీద అంకె రాసిచ్చేరు. డబ్బా మీద తయారీ లైసెన్స్ నంబరు లేదు, ఏం కలిపేరో లేదు, ఒట్టి స్టిక్కరు. ఇవన్నీ ఇంటికొచ్చాక చూసుకున్నానండి, అక్కడ భయంలో కళ్ళు కనపడలేదు.

రెండు నెలలు తాగేను. తిమ్మిరి మోకాళ్ళ దాకా ఎక్కింది. అనుమానమొచ్చి ఇంకో ఊళ్ళో వాళ్ళ క్యాంపు పెడితే వెళ్ళి మా చెల్లి పేరు, వయసు చెప్పి రాడ్డు మాత్రం నేనే పట్టుకున్నాను, ఈసారి నరాలు బ్రహ్మాండం, లివర్ పాడైందని వచ్చింది.

అప్పుడు కాకినాడ వెళ్ళి న్యూరాలజిస్టుని చూశాం. ఆయన సుత్తితో మోకాళ్ళు కొట్టి, మోగే ఫోర్కు ఒకటి బొటనవేలి ఎముక మీద పెట్టి "అదురు తెలుస్తోందా?" అన్నారు. నాకు తెలీలేదు. కళ్ళు మూసుకుని నిలబడితే తూలిపోయేను. ఎమ్మెస్ ఎక్కువగా ఎటాకుల్లా వస్తుందంట, వచ్చిందంటే 24 గంటలు దాటి ఉంటుంది, కొందరికి ఒక కన్ను నొప్పితో మసకబారుతుంది, నాలాగ రెండు కాళ్ళకీ సాక్సు తొడిగినట్టు సమానంగా మెల్లగా పైకెక్కితే ముందు విటమిన్లు, షుగరు, థైరాయిడ్ చూడాలి అన్నారు. రక్తంలో విటమిన్ బి12 118 వచ్చింది, ల్యాబు వాళ్ళ రిపోర్టులో కనీసం 200 ఉండాలని ఉంది. బి12 ఎక్కువగా నీచు, పాలల్లోనే ఉంటుందంట, నేనేమో మొక్కు వల్ల మూడేళ్ళుగా నీచు మానేశాను, పాలు పడవు, గ్యాస్ బిళ్ళ ఏళ్ళ తరబడి రోజూ వేసుకుంటున్నాను, అది కూడా బి12 ఒంటికి పట్టనివ్వదంట. మెదడుకీ వెన్నుకీ ఎమ్మారై తీయించేరు, ఎమ్మెస్ మచ్చలు లేవు. ఇంజక్షన్లు మొదలెట్టి మూడు నెలలైంది, మోకాళ్ళ నుంచి తిమ్మిరి దిగింది, అరికాళ్ళలో ఇంకా ఉంది. లేటవ్వడం వల్ల అది పూర్తిగా పోతుందని చెప్పలేనన్నారు. డబ్బు కంటే ఆ రెండు నెలలే నాకు ఎక్కువ బాధ.

అందరిదీ బి12 అని మాత్రం అనుకోకండి, ఎమ్మెస్ నిజంగా ఉన్నవాళ్ళూ ఉంటారు, ఎటాకులు తగ్గించే మందులున్నాయి, త్వరగా మొదలెడితేనే మేలు. ఒక కన్ను చూపు తగ్గినా, కాలు పట్టు తప్పినా, ఒంటేలు ఆపుకోలేకపోయినా ఆరోజే ఆసుపత్రికి వెళ్ళండి. ఎమ్మెస్ అని ఒక్క రక్త పరీక్షతో తేలదంట, డాక్టరు చూడటం, ఎమ్మారై, కొందరికి వెన్ను నీరు తియ్యడం, ఇవన్నీ కలిపి చెప్తారు. రాడ్డు పట్టుకుంటే ఎలా తెలుస్తుందండీ?

క్యాంపు వాళ్ళని డబ్బులు వెనక్కి అడిగితే సీలు తీసిన డబ్బా వెనక్కి తీసుకోం అన్నారు, తర్వాత నా నంబరు బ్లాక్ చేసేరు. నరాల జబ్బులు నయం చేస్తామని మందుకి ప్రకటన వెయ్యడమే 1954 డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం తప్పంట, ఆ పాంప్లెట్ ఇంకా నా దగ్గరే ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ రాయించేను. రావులపాలెం వైపు వచ్చే ఆదివారం మళ్ళీ పెడుతున్నారని విన్నాను. మీ ఇంట్లో ఎవరైనా కొనుంటే ఆ తెల్లచీటీ, డబ్బా, పేమెంట్ స్క్రీన్‌షాట్ పారెయ్యకండి, నాకు చెప్పండి, అందరం కలిసి కంప్లైంట్ ఇద్దాం.