మీటర్ రెక్కల డీఎల్‌జీ కిట్: చేత్తో విసిరే గ్లైడర్ మొదలుపెట్టేవాళ్లకి సరిపోతుందా?

సరిపోతుంది. మోటార్ లేకుండా, చెయ్యి తిప్పి విసిరి ఎగరేసే రేడియో కంట్రోల్ గ్లైడర్ (డిస్కస్ లాంచ్ గ్లైడర్, పొట్టిగా డీఎల్‌జీ) నేర్చుకోవాలంటే నా ఓటు ఈ సైజు బాల్సా (తేలికపాటి చెక్క) కిట్‌కే. ఎఫ్3కె అనే చేత్తో విసిరే గ్లైడర్ల పోటీల్లో రెక్క 1500 మి.మీ. దాకా, బరువు 600 గ్రాముల దాకా ఉండొచ్చు కాబట్టి చాలామంది తిన్నగా ఆ పెద్ద కార్బన్ మోడల్ మీద మనసు పడతారు, కానీ అది నాలుగు సర్వోలు (రెక్క, తోక పలకల్ని కదిపే చిన్న మోటార్లు), ట్రాన్స్‌మిటర్‌లో రకరకాల ఫ్లయింగ్ మోడ్‌లు, వాటి మిక్సింగ్‌లు అన్నీ ఒకేసారి నెత్తిన పెడుతుంది. ఇక్కడ రెండే సర్వోలు: ఒకటి పక్కలకి తిప్పే తోక పలక రడ్డర్‌కి, ఒకటి ముక్కుని పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్‌కి. రెక్క కొసలు పైకి వంగి ఉంటాయి కాబట్టి రడ్డర్ తిప్పితే చాలు, గ్లైడర్ దానంతటదే వాలి మలుపు తీసుకుంటుంది.

పెట్టెలో వచ్చేవి బాల్సా రెక్క, ఫైబర్‌గ్లాస్ ముక్కు భాగం, ముక్కుని తోకతో కలిపే సన్నటి కార్బన్ గొట్టం, తోక ముక్కలు. రెక్క కటింగ్ చాలా శుభ్రంగా ఉంది, సాండింగ్ దాదాపు అక్కర్లేదు. ముక్కు ఫైబర్‌గ్లాస్ కావడం నాకు బాగా నచ్చిన విషయం, ఎందుకంటే కార్బన్ ట్రాన్స్‌మిటర్ పంపే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని అడ్డుకుంటుంది, అలాంటి ముక్కులో యాంటెన్నా బయటికి తియ్యడం ఒక తలనొప్పి. ఇందులో ఆ సిగ్నల్ అందుకునే రిసీవర్ లోపలే హాయిగా కూర్చుంటుంది, యాంటెన్నా కొస మాత్రం కార్బన్ గొట్టం వైపు పోకుండా చూసుకోండి.

నచ్చనిది సూచనల కాగితం. బొమ్మలు బాగానే ఉన్నాయి గానీ అసలు కష్టమైన చోట ఒక్క ముక్క రాయలేదు. రెక్క కొసన వేలితో పట్టుకునే పెగ్ ఉంటుంది కదా, విసిరేటప్పుడు గ్లైడర్ భారమంతా దాని మీదే పడుతుంది. కాగితంలో "అతికించండి" అని వదిలేశారు. పెగ్ చుట్టూ పైనా కిందా సన్నటి గ్లాస్ క్లాత్ వేసి ఎపాక్సీతో గట్టిపరచండి, లేకపోతే బాల్సా చీలిపోతుంది. కుడిచేతి వాళ్లకి పెగ్ ఎడమ రెక్క కొసన ఉండాలి, ఎడమచేతి వాళ్లకి కుడి రెక్కన. ఈ కిట్‌లో రెండు వైపులా గాడి ఉంది, అది మంచి ఆలోచన.

తోక దగ్గర మాత్రం పిసినారిగా ఉండాలి. గొట్టం పొడుగు, ముక్కు పొట్టి కాబట్టి వెనక ఒక్క గ్రాము పెరిగితే ముందు దాదాపు మూడు గ్రాముల సీసం పెట్టాల్సి వస్తుంది. జిగురు చుక్కలు కూడా లెక్కే. సర్వోల నుంచి తోకకి వెళ్లేందుకు కిట్‌తో ఇచ్చిన ఇనప తీగలు పక్కన పెట్టి, ఎలివేటర్‌ని లాగడానికి దారం, వెనక్కి తేవడానికి చిన్న స్ప్రింగ్ వాడితే బరువు బాగా తగ్గుతుంది. బ్యాటరీకి ఒక సెల్ లైపో (లిథియం పాలిమర్) చాలు, అయితే అది ఇచ్చేది 3.7 వోల్టులే, ఆ వోల్టేజీకి పనిచేసే సర్వోలు, రిసీవర్ ఉన్నాయో లేదో చూసుకుని కొనండి.

ఇక ఎగరేయడం. కాగితంలో చెప్పిన బ్యాలెన్స్ పాయింట్ (గ్లైడర్ బరువు సమంగా తూగే చోటు) కొంచెం ముందుకే ఉంది, కొత్తవాళ్లకి అది మేలే, అక్కడే మొదలుపెట్టండి. గాలి లేని పొద్దుటి పూట, గడ్డి నేల మీద, ముందు భుజం మీంచి మెల్లగా తిన్నగా విసిరి ట్రిమ్ (స్టిక్ వదిలినా తిన్నగా పోయేలా చేసే సర్దుబాటు) సరిచూసుకోవాలి. తర్వాత కాస్త ఎత్తులో ఉన్నప్పుడు ముక్కు కిందికి దించి స్టిక్ వదిలెయ్యండి: వెంటనే గట్టిగా పైకి లేస్తే ముక్కు బరువెక్కువ, ఇంకా కిందికి ముడుచుకుపోతుంటే తోక బరువెక్కువ. బ్యాలెన్స్ పాయింట్‌ని ఒక్కో మిల్లీమీటర్ చొప్పున జరుపుతూ పోతే ఈ కిట్ ఎంత తేలిగ్గా తేలుతుందో అప్పుడు కనిపిస్తుంది, నాకు దీని మీద ప్రేమ పుట్టింది అక్కడే.

విసరడంలో కండబలం కన్నా వరస ముఖ్యం. చెయ్యి చాచి, గాలికి ఎదురుగా, ఒక్క చుట్టు తిరిగి వదలాలి, చుట్టూ మనుషులు లేరని ప్రతిసారీ చూసుకుని మరీ. మొదట్లో సగం జోరు చాలు. వరస కుదిరాక 30 మీటర్ల ఎత్తు అందుతుంది, అక్కణ్ణుంచి కదలిక లేని గాలిలో దాదాపు ఒక నిమిషం ఎగురుతుంది. అంతకన్నా ఎక్కువ కావాలంటే థర్మల్, అంటే పైకి లేచే వేడిగాలి, పట్టాలి. బరువు తక్కువ కావడంతో చిన్న థర్మల్ తగిలినా ఈ గ్లైడర్ స్పష్టంగా చెప్పేస్తుంది: ఒక రెక్క చటుక్కున పైకి లేస్తుంది, లేదా తోక ఎత్తి వేగం అందుకుంటుంది. లేచిన రెక్క వైపే తిరిగి గుండ్రంగా చుట్టండి. గద్దలు రెక్క ఆడించకుండా తిరుగుతున్న చోటు కనిపిస్తే ఇంకేం చూడక్కర్లేదు, అటే పోనివ్వండి.

గాలి జోరుగా ఉన్న రోజు మాత్రం ఇది పనికిరాదు, ఎదురుగాలిలో ముందుకు కదల్లేదు. బాల్సా అతికించే ఓపిక లేనివాళ్లు ఫోమ్ వైపు చూడొచ్చు, డ్రీమ్-ఫ్లైట్ వాళ్ల లిబెల్లె 1.2 మీటర్ల రెక్కతో ఆ తరహాలో పేరున్న మోడల్. ఈ కిట్ కొనేవాళ్లు మాత్రం రెక్క విడిగా దొరుకుతుందో లేదో ముందే అడగండి, నేలకి తగిలితే మొదట దెబ్బతినేది అదే.