రెరా నంబరు చూపించే ప్రీలాంచ్ ప్రకటనలతో జాగ్రత్త

హైదరాబాద్ పశ్చిమ శివార్లలో, ముఖ్యంగా తెల్లాపూర్, కొల్లూరు వైపు, ఇంటర్నెట్‌లో ఫ్లాట్ వెతుకుతున్నవారు ఈ విషయం గమనించగలరు. ప్రీలాంచ్ అంటే అనుమతులు రాకముందే ఫ్లాట్లు అమ్మకానికి పెట్టడం. చుట్టుపక్కల రేటు కంటే చదరపు అడుగుకు బాగా తక్కువ చూపిస్తూ, కింద "రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) అప్రూవ్డ్" అన్న అర్థం వచ్చేలా నంబరుతో సహా వేసిన ప్రకటన చూసి మేము సంప్రదించగా, టోకెన్ అడ్వాన్సు కింద 50,000 రూపాయలు కట్టించుకున్నారు. ఆ నంబరును తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే, అదే సంస్థ వేరే చోట ఎప్పుడో కట్టిన ప్రాజెక్టు వచ్చింది. నంబరు అసలైనదే, సంస్థ పేరూ అదే. గ్రామం, సర్వే నంబరు మాత్రం వేరు.

నిలదీస్తే, "పర్మిషన్ దారిలో ఉంది సార్, మొత్తం ఇప్పుడే కడితేనే ఈ రేటు, ఈలోగా యూడీఎస్ మీ పేరున రిజిస్ట్రేషన్ చేయిస్తాం" అన్నారు. యూడీఎస్ అంటే స్థలంలో విడదీయని వాటా మాత్రమే, ఫ్లాట్ కాదు. అనుమతి రాకపోతే, లేదా వచ్చినా అంతస్తులు తగ్గితే, చేతిలో మిగిలేది ముక్కూ మొహం తెలియని ఎందరితోనో ఉమ్మడిగా ఉన్న కొద్ది గజాలు. అది అమ్ముడుపోవడం కూడా అంత తేలిక కాదు. టోకెన్ తిరిగి ఇవ్వమంటే రసీదు చూసుకోమన్నారు: అది బిల్డరు పేరున కాక ఏదో మార్కెటింగ్ ఏజెన్సీ పేరున ఉంది, అడుగున సన్నటి అక్షరాలతో "తిరిగి చెల్లించబడదు" అని ఉంది. ఆ డబ్బు ఇంతవరకు రాలేదు.

500 చదరపు మీటర్ల స్థలం, 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టును రిజిస్టరు చేయకుండా అమ్మడమే కాదు, ప్రకటన వేయడం కూడా 2016 నాటి రెరా చట్టం ప్రకారం కుదరదు. రిజిస్టరైన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని, ఏజెంటుకూ సొంత రిజిస్ట్రేషన్ ఉండాలని అదే చట్టం చెబుతోంది. కనుక "మొత్తం ఇప్పుడే కట్టండి" అన్న మాట వినగానే బేరం అక్కడితో ఆపవచ్చు.

రెరా పేజీలోని సర్వే నంబరును స్థలం పత్రాలతో, ఈసీతో (ఆ ఆస్తిపై నమోదైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌తో) పోల్చి చూడండి. డబ్బు పంపే ఖాతా ఎవరి పేరున ఉందో అడగండి. ప్రకటనను తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, ఎందుకంటే మేము ఫిర్యాదు చేస్తామనగానే వారు నంబరు తొలగించి, ఫోటోలు మార్చి, అదే ప్రకటనను మళ్లీ పెట్టారు.