ఫైరూజ్ పాట వెంట బీరుట్ నుంచి బాల్‌బెక్ దాకా

2023 మే నెలలో నేనూ నా భార్యా బీరుట్‌లో ఒక పాత ఇంటి గేటు ముందు, దానికి వేసిన తుప్పు పట్టిన తాళాన్ని చూస్తూ పావుగంట సేపు నిలబడ్డాము. అందుకు మేము చెల్లించినది మనిషికి 60 డాలర్ల చొప్పున 120 డాలర్లు. రెండేళ్లు గడిచినా ఆ డబ్బు మీద నా కోపం చల్లారలేదు. అయితే 2025 జూలైలో లెబనాన్ సంగీతకర్త జియాద్ రహబానీ మరణించినప్పుడు, ఆయన తల్లి, ఆ దేశపు ప్రసిద్ధ గాయని ఫైరూజ్ తొంభై ఏళ్ల వయసులో నల్లని దుస్తులతో చర్చిలో మౌనంగా కూర్చున్న దృశ్యాన్ని టీవీలో చూశాక, ఆ ప్రయాణంలోని మంచినీ చెడ్డనూ రెండింటినీ రాయాలనిపించింది.

నేను చాలా ఏళ్లుగా కువైట్‌లో ఒక కంపెనీలో లెక్కలు రాస్తున్నాను. మా మేనేజరు లెబనాన్ దేశస్థుడు. పొద్దున ఏడింటికి ఆఫీసు తలుపు తీయగానే ఆయన చేసే మొదటి పని ఫైరూజ్ పాట పెట్టడం. కాఫీ కలుపుకోవడం రెండో పని. పొద్దుట ఫైరూజ్, రాత్రికి ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్ అన్నది లెబనాన్, సిరియా ప్రజలకు మన ఇళ్లలోని సుప్రభాతం లాంటి అలవాటు. నా భార్య కువైట్‌లోని మంగాఫ్‌లో మన తెలుగు పిల్లలకు వీణ నేర్పుతుంది. ఆఫీసులో విన్న ఒక పాటను నేను ఫోనులో ఇంటికి తెచ్చి వినిపించిన రోజున ఆమె చేతిలో పని ఆపి, “ఏవండీ, ఈ స్వరాలు నాకు తెలుసు, ఇవి అరబ్బులవి కావు” అంది. ఆమె మాట నిజమే. అది పాశ్చాత్య సంగీతకర్త మొజార్ట్ 1788లో రాసిన నలభయ్యవ సింఫనీలోని మొదటి వరుస. ఫైరూజ్ భర్త ఆసీ, ఆయన తమ్ముడు మన్సూర్ అనే రహబానీ సోదరులు దానికి అరబీ మాటలు కూర్చి ఫైరూజ్ చేత పాడించారు. అదే వరుసను సలీల్ చౌధురి 1961లో ఒక హిందీ సినిమా పాటకు వాడుకున్నారు కాబట్టి మన పెద్దవాళ్లలో చాలామందికి అది చెవిన పడే ఉంటుంది. ఆ సాయంత్రమే మేము లెబనాన్ వెళ్లాలని అనుకున్నాము. రానుపోను టిక్కెట్లు ఇద్దరికీ కలిపి 146 దీనార్లయ్యాయి. ప్రయాణం గురించి చెప్పుకోవలసినది ఏమీ లేదు.

ఇక ఆ 120 డాలర్ల సంగతి. బీరుట్‌లో ఒక టూర్ల వ్యాపారి “ఫైరూజ్ అడుగుజాడలు” అని చెప్పి నాలుగు గంటల పర్యటన అమ్మాడు. ఆమె చిన్ననాటి ఇంటి లోపలికి తీసుకువెళతామనీ, అక్కడ మ్యూజియం ఉందనీ, ఆమె పాటలకు వాయించిన ఒక వాద్యగాడితో మాట్లాడిస్తామనీ ఫోనులో ముమ్మారు చెప్పాడు. డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నాడు. మర్నాడు వచ్చిన కుర్రవాడు మమ్మల్ని జుకాక్ అల్ బలాత్ పేటలోకి తీసుకువెళ్లి, పెచ్చులూడిన గోడలూ విరిగిన కిటికీలూ ఉన్న ఒక ఇంటి ముందు ఆపాడు. గేటుకు తాళం ఉంది. మ్యూజియం ఏదని అడిగితే “తర్వాత కడతారు” అన్నాడు. వాద్యగాడు ఏడని అడిగితే ఊళ్లో లేడన్నాడు. మిగిలిన మూడు గంటలూ ఒక సబ్బుల దుకాణంలోనూ ఒక నగల దుకాణంలోనూ గడిచాయి. అది పర్యటన కాదు, మమ్మల్ని దుకాణాలకు అప్పజెప్పడం. డబ్బులో సగమైనా తిరిగి ఇమ్మని అడిగినందుకు ఆ వ్యాపారి ఫోను ఎత్తడం మానేశాడు.

నిజానికి ఆ వీధికి ఎవరైనా ఉచితంగా నడిచి వెళ్లవచ్చు, వెళ్లి చూడవలసినదే కూడా. నూహాద్ హద్దాద్ అనే పేరుతో ఆమె పెరిగినది ఆ పేటలోనే. తండ్రి అచ్చాఫీసులో అక్షరాలు కూర్చేవాడు. కుటుంబమంతా ఒకే గదిలో కాపురం ఉండేది. బడిలో ఆమె గొంతు విన్న సంగీతకారుడు ముహమ్మద్ ఫ్లైఫెల్ ఆమెను సంగీత కళాశాలకు పంపించాడు. తర్వాత రేడియో బృందగానంలో చేరితే, అక్కడ హలీమ్ అల్ రూమీ ఆమెకు ఫైరూజ్ అని పేరు పెట్టాడు. అరబీలో ఆ మాటకు నీలిపచ్చని రత్నమని అర్థం. ఇదంతా తెలిసి నిలబడితే ఆ పెచ్చులూడిన గోడ కూడా చూడదగినదే. మాకు దక్కవలసిన ఆ పావుగంటను ఆ కుర్రవాడి తొందర పాడుచేసింది. నా భార్య ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. బేరం కుదిర్చినది నేనే కాబట్టి ఆమె మౌనంలో న్యాయం ఉంది.

బస కూడా ఆ కోపాన్ని పెంచింది. హమ్రా పేటలో రోజుకు 35 డాలర్ల గది తీసుకున్నాము. ఇరవై నాలుగు గంటలూ కరెంటు ఉంటుందని రాసి ఉంది. ఆ రోజుల్లో ప్రభుత్వం ఇచ్చే కరెంటు రోజుకు కొద్ది గంటలే. మిగతా సమయమంతా వీధి జనరేటరే దిక్కు. దానికి నెలనెలా కట్టే చందాను అక్కడివాళ్లు “ఇష్తిరాక్” అంటారు. మా బస యజమాని రాత్రి పన్నెండింటికి జనరేటరు ఆపి, పొద్దున ఆరింటికి వేసేవాడు. లిఫ్టు లేదు, పంకా లేదు, అయిదో అంతస్తు. పైగా ఖాళీ చేసే రోజున మూడు రాత్రులకు “మోటారు ఖర్చు” అంటూ మరో 24 డాలర్లు అడిగాడు. వాదించి వాదించి 10 డాలర్లకు దించాను గానీ, ఇవ్వకుండా ఉండలేకపోయాను. గది తీసుకునే ముందు జనరేటరు ఏ గంట నుంచి ఏ గంట దాకా నడుస్తుందో, దాని ఖర్చు అద్దెలో కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. చిన్న నోట్లలో డాలర్లు దగ్గర పెట్టుకోండి. మేము వెళ్లినప్పుడు డాలరుకు లక్షకు దగ్గరగా లెబనాన్ లీరాలు పలుకుతున్నాయి, చిల్లరగా ఇచ్చే లీరాల కట్టలను లెక్కపెట్టుకోవడమే ఒక పనిగా ఉండేది.

మూడో రోజు టూర్లనూ టాక్సీలనూ వదిలిపెట్టి కోలా కూడలికి వెళ్లి వ్యాను ఎక్కాము. అక్కడి నుంచి ష్టౌరాకు మనిషికి 3 డాలర్లు, ష్టౌరాలో మారి బాల్‌బెక్‌కు మరో 2 డాలర్లు. బీరుట్ నుంచి బాల్‌బెక్ దాదాపు 85 కిలోమీటర్లు. దారి కొండ ఎక్కి, దహ్ర్ అల్ బైదర్ కనుమ దాటి, బెకా లోయలోకి దిగుతుంది. మా ప్రయాణంలో ఖర్చు పెట్టిన డబ్బుకు పూర్తి విలువ దక్కినది ఆ వ్యానులోనే.

కొండ ఎక్కుతుండగా డ్రైవరు ఫైరూజ్ పాటలు పెట్టాడు. నా భార్య అప్పటికీ కిటికీలోంచి బయటికే చూస్తోంది. మొజార్ట్ వరుస వచ్చేసరికి తనకు తెలియకుండానే స్వరాలు అందుకుంది: “ద ప ప, ద ప ప, ద ప ప గ.” ముందు సీటులోని పెద్దాయన వెనక్కి తిరిగి, మీరు పాడుతున్నది ఏ భాష అని అడిగాడు. ఆయన జహ్లే ఊళ్లో బడిపిల్లలకు సంగీతం చెప్పి రిటైరైన మాస్టారు. కువైట్‌లో నేర్చిన నా అరబీ అక్కడ పనికి వచ్చింది. మా ఆవిడ చెప్పినది ఆయనకూ, ఆయన చెప్పినది ఆమెకూ గంటసేపు నేనే చేరవేశాను.

ఆయన చెప్పినదాని సారం ఇది. అరబీ సంగీతంలో మన రాగాల్లాంటివి మకామ్‌లు. రాస్త్, బయాతీ వంటి మకామ్‌లలో కొన్ని స్వరాలు పియానోలోని రెండు మెట్ల నడుమ పడతాయి. వాటిని తంత్రీ వాద్యమైన ఊద్ మీదా, వేణువులాంటి నాయ్ మీదా, కంఠంలోనూ పలికించవచ్చు గానీ మామూలు పియానో మీద అవి పలకవు, వాటికింద పాశ్చాత్య పద్ధతి హార్మనీ, అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపు, పరిస్తే అపశ్రుతి వస్తుంది. కానీ నహావంద్, అజమ్, కుర్ద్ అనే మకామ్‌లకు ఆ చిక్కు లేదు. రహబానీ సోదరులు వయొలిన్ల బృందాన్నీ, పియానోనూ, అకార్డియన్‌నూ తెచ్చినప్పుడు ఎక్కువగా ఈ మకామ్‌లనే ఆసరా చేసుకున్నారు. నడుమ నడుమ బుజుక్ అనే తంత్రీ వాద్యానికీ, నాయ్‌కూ చోటు వదిలి, అక్కడ మాత్రం పాత స్వరాలను స్వేచ్ఛగా తిరగనిచ్చారు. టాంగో, రుంబా నడకల మీద కొండపల్లెల మాటలు కూర్చారు. ఆ అన్నదమ్ములు మొదట్లో పోలీసు కొలువు చేసినవాళ్లు. అంతెలియాస్‌లో ఒక పాదిరీ దగ్గర తమ సంగీతాన్నీ, తర్వాత బీరుట్‌లో ఒక ఫ్రెంచి గురువు దగ్గర పాశ్చాత్య హార్మనీనీ నేర్చుకున్నారు.

మా ఆవిడ నన్ను అడ్డుపెట్టుకుని ఆయనకు బదులు చెప్పింది. అజమ్ మన శంకరాభరణమే, కుర్ద్ మన తోడి మెట్లే, నహావంద్ ఒకసారి నఠభైరవి, ఒకసారి కీరవాణి. మొజార్ట్ మొదటి వరుసలో కింది నిషాదమైన కైశికి, రెండో వరుసలో పై నిషాదమైన కాకలి పలుకుతాయని ఆమె పాడి చూపించింది. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు వరుసలు విని సంస్కృతంలో నొట్టుస్వరాలు కట్టారని చెబితే, ఆ పెద్దాయన తన సంచిలోంచి కాగితం తీసి “దీక్షితర్” అని అరబీలో రాసుకున్నాడు. ష్టౌరాలో దిగి, పలుచని రొట్టెలో లబ్నే అనే గట్టి పెరుగు పూసి, దోసకాయా పుదీనా పెట్టి చుట్టిన సాండ్‌విచ్ తిన్నాము. ఒక్కొక్కటి రెండు డాలర్లు. మేము ఎంత వద్దన్నా మాస్టారే డబ్బిచ్చాడు. శాకాహారులకు ఆ దారిలో అంతకు మించిన భోజనం లేదు. నా భార్య నాతో మళ్లీ మాట్లాడడం మొదలుపెట్టినది కూడా అక్కడే.

బాల్‌బెక్‌లో రోమనుల జూపిటర్ ఆలయానికి ఒకప్పుడు 54 స్తంభాలు, ఇప్పుడు నిలిచి ఉన్నవి ఆరు. ఆ ఆరు స్తంభాల ఊళ్లో ఫైరూజ్‌ను ఏడో స్తంభం అంటారు. 1957లో బాల్‌బెక్ ఉత్సవంలో ఆమె మొదటిసారి పాడింది. 1975లో మొదలైన అంతర్యుద్ధంతో ఉత్సవమే ఆగిపోయింది. ఆ యుద్ధ కాలంలో ఆమె బీరుట్ విడిచి పోలేదు, ఏ వర్గం పక్షానా పాడలేదు. అందుకే అన్ని వర్గాల వాళ్లూ ఆమె పాటనే విన్నారు. మళ్లీ ఆమె ఆ ఆలయాల మధ్య పాడినది 1998లో. వేదిక మీద చేతులు కూడా పెద్దగా కదపకుండా, విగ్రహంలా నిలబడి పాడడం ఆమె పద్ధతి. ఆ స్తంభాల కింద మెడ నొప్పిపుట్టేలా పైకి చూస్తే, అక్కడ అంతకంటే వేరుగా నిలబడడం ఎవరికీ సాధ్యం కాదని తోస్తుంది. మధ్యాహ్నం బాకస్ ఆలయం లోపల జనం లేని వేళ నా భార్య ఒక నొట్టుస్వరాన్ని మెల్లగా పాడింది. కాపలాదారు మా వైపు నడిచి వస్తే గద్దిస్తాడనుకున్నాము. అతను చేతిలోని టీ గ్లాసును రాతి మీద పెట్టి, మరోసారి పాడమన్నాడు.

మాంసం తినేవాళ్లకు అక్కడి స్ఫీహా అనే మాంసపు రొట్టె ప్రసిద్ధం: కొట్టులో మాంసం కొని, ఉల్లిపాయలతో తరిగించి, పక్కనే ఉన్న బేకరీకి ఇస్తే చిన్న చిన్న చతురస్రాలుగా కాల్చి ఇస్తాడు. నాకు డజను 6 డాలర్లు పడింది. 2024 శరత్కాలంలో ఆ ఊరి మీద బాంబులు పడ్డాయి కాబట్టి, ఇప్పుడు వెళ్లదలచినవాళ్లు పరిస్థితి కనుక్కోకుండా బయలుదేరవద్దు.

చివరి రోజున హమ్రాలో ఒక చిన్న సీడీల దుకాణానికి వెళ్లాము. ఆసీ 1972లో మెదడులో రక్తస్రావమై ఆసుపత్రిలో ఉంటే, మరుసటి సంవత్సరం తల్లి పాడవలసిన పాటకు పదిహేడేళ్ల జియాద్ వరుస కట్టాడు. ఆ తర్వాత వరుసకట్టినవాటిలో అతను పాశ్చాత్య జాజ్‌ను తల్లి గొంతుకు తెచ్చాడు. దుకాణదారు 1979 నాటి “వహ్దోన్” ఆల్బమ్ పెట్టి, అందులో బస్సు ప్రయాణం మీద ఉన్న పాట వినిపించాడు: బేస్ గిటారు, డ్రమ్ములు, వాటి మీద ఏ హడావిడీ లేకుండా సాగే ఆ గొంతు. మా ఆవిడకు మొదట నచ్చలేదు. “తల్లి చేత ఇలాంటివి పాడిస్తారా?” అంది. రెండోసారి పెట్టించుకుంది. మూడోసారికి తాళం వేయడం మొదలుపెట్టింది. సీడీ 7 డాలర్లు, బేరమాడబుద్ధి కాలేదు.

జియాద్ పోయినది 2025 జూలై 26, శనివారం. మర్నాడు పొద్దున ఏడింటికి మా ఆఫీసు నిశ్శబ్దంగా ఉంది. సోమవారమూ, మంగళవారమూ అంతే. మేనేజరు కాఫీ కలుపుకుని తలుపు వేసుకున్నాడు. బుధవారం నేను ఆ సీడీ తీసుకువెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను.