చిమ్నీ తనిఖీ సర్వీసు రివ్యూ: 99 డాలర్ల కూపన్‌లో ఏముంది, ఏం లేదు

హైదరాబాద్‌లో చిమ్నీ అంటే పోపు ఘాటును లాగేసే వంటింటి మిషను. అమెరికాలో ఇల్లు కొన్నవాళ్ళకి చిమ్నీ అంటే హాల్లోని కట్టెల పొయ్యి మీంచి ఇంటి కప్పు దాటిపోయే పొగగొట్టం. మొదటిదానికి నెలనెలా ఫిల్టర్లు కడిగే ఇళ్ళలో కూడా రెండోదానిలోకి ఏళ్ళ తరబడి ఎవరూ తొంగి చూడరు. చలి మొదలై, 99 డాలర్లకే చిమ్నీ తుడుస్తామనే కూపన్ పోస్టులో వచ్చి పడ్డాక గుర్తొస్తుంది. ఆ కూపన్ సర్వీసునీ, పద్ధతిగా చేసే తనిఖీనీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

అక్కడ పొగగొట్టాలకి ప్రామాణికం ఎన్‌ఎఫ్‌పీఏ (నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్) అనే అగ్నిభద్రతా సంస్థ రాసిన 211. అది ఏటా తనిఖీ చేయించమంటుంది. తుడిపించడం అవసరాన్ని బట్టి. పండగలకి నాలుగుసార్లు మంట వేసే ఇంట్లో తుడవాల్సినంత మసి ఉండకపోవచ్చు. కానీ పైన టోపీ ఊడి వాననీళ్ళు దిగుతుండొచ్చు, ఉడత గూడు కట్టి ఉండొచ్చు. తనిఖీలో మూడు స్థాయులు. లెవెల్ 1 అంటే ఏదీ విప్పకుండా, కంటికి అందే భాగాలన్నీ టార్చి వేసి చూడటం. లెవెల్ 2లో గొట్టం లోపలికి కెమెరా పంపుతారు, అటక మీద గొట్టం వెళ్ళే చోటు కూడా చూస్తారు. ఇల్లు చేతులు మారినప్పుడు, పొయ్యి లేదా ఇంధనం మార్చినప్పుడు, గొట్టంలో మంటలు లేచాక లెవెల్ 2 చేయించాలి. లెవెల్ 3లో గోడ పగలగొట్టి చూస్తారు. మామూలు ఇళ్ళకి ఆ అవసరం అరుదు.

లెవెల్ 1, తుడవడం కలిపి చాలా ఊళ్ళలో 150 నుంచి 350 డాలర్ల దాకా అడుగుతారు. కూపన్ ధరకీ దీనికీ ఉన్న తేడా ఎక్కడ తేలుతుందంటే, పొయ్యి నోటి పైన ఉండే డ్యాంపర్ (గొట్టాన్ని మూసి తెరిచే రేకు తలుపు) వెనక. ఇటుకలతో కట్టిన పొయ్యిలో అక్కడ చిన్న అరుగు ఒకటి ఉంటుంది, స్మోక్ షెల్ఫ్ అంటారు. బ్రష్‌తో గొట్టాన్ని రుద్దితే రాలే మసిలో చాలాభాగం పడేది ఆ అరుగు మీదే. ఎండుటాకులూ పాత గూళ్ళ పుల్లలూ ముందే అక్కడ చేరి ఉంటాయి. డ్యాంపర్ సందులోంచి చెయ్యి పెట్టి, వాక్యూమ్ గొట్టం దూర్చి దాన్ని ఖాళీ చేయాలి. భుజం దాకా మసి అంటుకునే పని, ఎవరికీ ఇష్టం ఉండదు. పై నుంచి నాలుగుసార్లు బ్రష్ ఆడించి ఇరవై నిమిషాల్లో వ్యాను ఎక్కేసినవాడు మసిని గొట్టంలోంచి అరుగు మీదకి మార్చాడంతే. నిప్పురవ్వ తగిలితే అంటుకునే సరుకు ఇప్పుడు మంటకి మరింత దగ్గరగా కుప్పపడి ఉంది.

పద్ధతిగా చేసేవాళ్ళు ముందు నేల మీద గుడ్డలు పరిచి, పొయ్యి నోరు మూసి, హెపా ఫిల్టరున్న వాక్యూమ్ ఆన్ చేసి పెడతారు. గొట్టం కొలతకి సరిపోయే బ్రష్ తెస్తారు. మట్టి పలకల గొట్టానికి ఇనుప తీగల బ్రష్, స్టీలు లైనరుకి (గొట్టం లోపలి పొరని లైనర్ అంటారు) ప్లాస్టిక్ కుచ్చుల బ్రష్. స్టీలు లైనర్‌లో ఇనుప బ్రష్ తిప్పితే గీతలు పడి తుప్పుకి దారి ఇచ్చినట్టే. కప్పెక్కి టోపీకున్న జాలీ, గొట్టం చుట్టూ పోసిన సిమెంటు క్రౌన్, కప్పుకి అతుకు పడే చోట రేకు కూడా చూస్తారు. గొట్టం కప్పులోంచి బయటికొచ్చిన చోటు నుంచి కనీసం 3 అడుగులు లేచి ఉండాలి, 10 అడుగుల లోపు ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుగా ఉండాలి. గాలికి పొగ ఇంట్లోకి తిరగబడుతుంటే ముందు కొలవాల్సింది ఇదే. ఇంత పనికి గంట పైనే పడుతుంది.

ఇక మసి సంగతి. పచ్చికట్టెల పొగలో తేమ ఎక్కువ, వేడి తక్కువ. అది చల్లటి గొట్టం గోడకి తగిలి పేరుకునేదే క్రియోసోట్. మొదటి దశలో పొడి మసి, బ్రష్‌కి రాలిపోతుంది. రెండో దశలో నల్లగా మెరిసే పెచ్చులు. డ్రిల్లుకి బిగించి తిప్పే రోటరీ బ్రష్ కావాలి. మూడో దశకి వచ్చేసరికి ముదురు పాకం పోసి ఆరబెట్టినట్టు గాజులా గట్టిపడుతుంది. బ్రష్ దాని మీద జారిపోతుంది తప్ప గీత కూడా పడదు. మందు పూసి మెత్తబరచాలి, లేదా గొలుసులు తిప్పి కొట్టాలి, ఒక్కోసారి లైనరే మార్చాలి. 1/8 అంగుళం, అంటే రెండు పెన్నీలు (ఒక సెంటు నాణేలు) ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం పేరుకుంటే తుడవాల్సిందే అనేది సీఎస్‌ఐఏ లెక్క. చిమ్నీ తుడిచేవాళ్ళకి సర్టిఫికెట్లిచ్చే అమెరికన్ సంస్థ అది. గాజు పొర ఏ కాస్త కనిపించినా అంతవరకు ఆగకూడదు. కాబట్టి తుడవక ముందు తీసిన ఫోటో అడగండి. తుడిచాక తీసిన ఫోటో ఒక్కటే చూపిస్తే అందులో ఎంత మసి ఉండేదో ఏ దశలో ఉండేదో మీకు తెలియదు, వచ్చే ఏడాది పోల్చుకోవడానికీ ఏమీ మిగలదు.

మా ఉద్దేశంలో ఈ సర్వీసులన్నిటిలో డబ్బుకి తగ్గది లెవెల్ 2 కెమెరా తనిఖీ, అదీ ఇల్లు కొనేటప్పుడు. హోమ్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో ఫైర్‌ప్లేస్ పేరు కనబడితే సరిపోయిందనుకుంటారు చాలామంది. సాధారణంగా ఆయన గొట్టం లోపల చూడడు. చూడలేదని రిపోర్టులోనే చిన్న అక్షరాల్లో రాస్తాడు. పలకల మధ్య అతుకులు ఊడాయా, ఎప్పుడో లోపల మంటలు లేచి పలక నిలువునా పగిలిందా అనేది కెమెరాకే తెలుస్తుంది.

కెమెరాతోనే మోసం కూడా జరుగుతుంది. 99 డాలర్లకి వచ్చి, "లైనర్ పోయింది, మంట వేస్తే ఇల్లు కాలిపోతుంది, ఇవాళే సంతకం పెడితే డిస్కౌంట్" అని కొన్ని వేల డాలర్ల అంచనా చేతిలో పెట్టడం ఈ వ్యాపారంలో పాత ఎత్తు. ఒక్కోసారి లైనర్ నిజంగానే పోయి ఉంటుంది, అదే చిక్కు. విడి ఫోటోలు నమ్మకండి. పొయ్యిలో మొదలై టోపీ దాకా ఆగకుండా సాగే వీడియో అడగండి, పగులు ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో రాయించుకోండి. మంట వేయడం ఆపి, మరో కంపెనీని పిలిచి, మొదటివాళ్ళు ఏం చెప్పారో చెప్పకుండా చూపించండి. పగులు ఒకే ఎత్తులో ఉందని ఇద్దరూ చెబితే ఖర్చు తప్పదు. చాలా రాష్ట్రాల్లో ఈ పనికి ప్రత్యేక లైసెన్సంటూ లేదు కాబట్టి వచ్చే మనిషి పేరు మీద సీఎస్‌ఐఏ సర్టిఫికెట్ ఉందో లేదో వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకోండి. కంపెనీ యజమానికి ఉంటే చాలదు.

కొత్త కాలనీల్లో ఇంకో మెలిక ఉంది. ఇటుక పొయ్యిలా కనబడేది చాలాచోట్ల ఫ్యాక్టరీలో తయారైన రేకు పెట్టె. లోపలి గోడలు ఇటుక అచ్చు వేసిన పలకలు, పైన గుండ్రటి లోహపు గొట్టం, దాని చుట్టూ చెక్క ఫ్రేము. ఆ పలక పెచ్చులూడి వెనక లోహం కనిపిస్తే మంట వేయకూడదు, వెనకున్నది చెక్కే కదా. దీనికి ఆ మోడల్‌కి అనుమతించిన విడిభాగాలే వాడాలి. ఆన్‌లైన్‌లో కొలత చూసి కొన్న గాజు తలుపు బిగించకూడదు. పైన కప్పిన జింకు రేకు నడుమ నీళ్ళు నిలిచి తుప్పు పడుతుంది, కింద నుంచి అది కనబడదు. వచ్చినవాడు మోడల్ నంబరు పలక వెతక్కుండా అంచనా ధర చెప్పాడంటే ఈ రకం మీద అతనికి పట్టు లేనట్టే.

సర్వీసులో ఉండనివి మీరే చూసుకోవాలి. స్మోక్ అలారం వెనక తయారీ తేదీ ఉంటుంది, దాన్నుంచి 10 ఏళ్ళకి మార్చాలి. నెలకోసారి బటన్ నొక్కి చూడాలి. మన ఇళ్ళలో అసలు సమస్య వేరు. గృహప్రవేశంలో హోమం పొగకి మోగుతుందని ప్లాస్టిక్ కవరు తొడిగి మరిచిపోతారు, మిరపకాయల పోపుకి మోగుతోందని బ్యాటరీ పీకి డ్రాయర్లో పడేస్తారు. స్టవ్‌కి 10 అడుగుల దూరానికి జరిపితే ఆ గోల చాలావరకు తగ్గుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు కాబట్టి దాని అలారం ప్రతి అంతస్తులోనూ, పడకగదుల బయటా ఉండాలి. కట్టెల పొయ్యిలో గ్యాస్ దుంగలు (గ్యాస్‌తో మండే ఉత్తుత్తి కట్టెలు) పెట్టించుకున్నవాళ్ళు డ్యాంపర్ పూర్తిగా మూసుకోకుండా క్లాంపు బిగించి ఉందో లేదో చూడండి.

కట్టెలకి సూదుల తేమ మీటరు పనికొచ్చే వస్తువు. కట్టెని పైన గుచ్చితే తక్కువే చూపిస్తుంది. నిలువునా చీల్చి, అప్పుడే బయటపడిన ముఖంలో గుచ్చండి. 20 శాతం దాటితే ఇంకా ఆరాలి. ఓక్ అయితే ఏడాది పైనే పడుతుంది. సంక్రాంతికి పొయ్యిలోనే భోగి వేద్దామని రంగేసిన పాత కుర్చీ కాళ్ళు, ప్లైవుడ్ ముక్కలు వేయకండి, విషపు పొగ. పొయ్యిలో కాల్చే "క్లీనింగ్ లాగ్" మసిని పొడిబారుస్తుంది, అంతే. ఆ మసిని బ్రష్ దింపే మనిషి తీయాలి. బూడిదలో నిప్పు రోజుల తరబడి దాగి ఉంటుంది. మూతున్న ఇనుప డబ్బాలో పోసి ఇంటికి 10 అడుగుల అవతల పెట్టండి. చెక్క డెక్ మీద కాగితపు సంచిలో మాత్రం వద్దు.

ఆగస్టు, సెప్టెంబరుల్లో పిలిస్తే అపాయింట్‌మెంటు తేలిగ్గా దొరుకుతుంది. గొట్టంలో చిమ్నీ స్విఫ్ట్ పిట్టలు గూడు కట్టి ఉంటే మాత్రం అవి దక్షిణానికి వెళ్ళేదాకా ఆగాలి. గుడ్లో పిల్లలో ఉన్న గూడు తీయడం 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం నేరం. ఇటుక పొయ్యి ఉన్నవాళ్ళు ఫోన్లో ముందు అడగాల్సింది ఇది: స్మోక్ షెల్ఫ్ ఖాళీ చేయడం ఈ ధరలోనే ఉందా? అదేమిటని వాళ్ళే మిమ్మల్ని అడిగితే ఇంకో నంబరు కొట్టండి.