నెల సరుకులు: సందు చివర అంగడా, మార్టా, యాపా? ఏది మేలు?

మాది కర్నూలు పాతబస్తీ. నెల మొదట్లో ఇంట్లో ఇదే పంచాయితీ, సరుకులు యాడ తేవాలని.

రేటు ఒకటే చూస్తే అంగడి ఓడిపోతాది, అబద్ధమెందుకు. సబ్బులు, పేస్టు, ఐదు లీటర్ల నూనె క్యాను మార్ట్‌లో ఎమ్మార్పీ మీద బాగానే తగ్గిస్తారు, వాళ్లు లారీలకు లారీలు కొంటారు, మా అంగడన్న డజన్లల్లో కొంటాడు, ఇంకేం తగ్గిస్తాడు పాపం. కాకపోతే రెండు వేల లిస్టుతో పోయి మూడున్నర వేల బిల్లుతో వచ్చే మాలాంటోళ్లకు ఆ తగ్గింపు యాడ మిగిలిందో అర్థం కాదు (ఆ ప్లాస్టిక్ డబ్బాల సెట్టు ఎందుకు తెచ్చినానో ఇప్పటికీ నాకే తెలీదు).

విడి సరుకు కథ వేరే. మొన్న ఆదివారం ఉగ్గానికి మార్ట్ ప్యాకెట్ బొరుగులు నానేసి పిండితే ముద్దయిపోయినాయి, పోపులో వేసినాక ఉప్మాకు తమ్ముని మాదిరి తయారైంది, పప్పుల పొడి ఎంత చల్లినా లాభం లేదు. అంగట్లో అయితే మూటలో చెయ్యి పెట్టి నాలుగు నోట్లో వేసుకుని కరకరమంటేనే తూకం వెయ్యమంటాం, మెత్తబడింటే ఆయనే "ఇవి వద్దులేక్కా, రేపు బట్టీ నుంచి కొత్త మూట వస్తాది" అంటాడు. ఎండుమిరపకాయలూ అంతే, ఒకటి తుంచి వాసన చూస్తాం, ప్యాకెట్‌ను ఏం తుంచుతాం? ఆ బొరుగుల డబ్బు బట్టీ ఆయనకు, మూట మోసిన హమాలీకి ఊర్లోనే తిరుగుతాది. మార్ట్‌లో బిల్లు కొట్టేదీ మన ఊరి పిల్లలే, జీతం వాళ్లకూ వస్తాది, లాభం మాత్రం ఊరు దాటిపోతాది.

ఇంక అప్పు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ ఊర్లోకి వచ్చినప్పుడు అంగడి మునిగి ఖాతా బుక్కు నాశనమైంది. మా నాయన పోయి మా బాకీ ఇంత అని తనే చెప్పొచ్చినాడు, వీధిలో అందరూ అట్లే చెప్పినారని మాత్రం నేననను. మళ్లీ అంగడి తెరిచినాక మూడు నెలలు మాకు బియ్యం అప్పుకే ఇచ్చినాడు. యాపుల్లో కూడా తర్వాత కట్టేది ఉందిలే, ఒక్కరోజు లేటైతే ఫైన్ పడతాది, ఈయనైతే మూతి ముడుచుకుంటాడు అంతే.

అట్లని అంగళ్లన్నీ ధర్మరాజులవి కావు. వేరే వీధిలో ఒకాయన కూల్‌డ్రింక్‌కు కూలింగ్ ఛార్జి అని ఎమ్మార్పీ మీద రెండ్రూపాయలు గుంజుతాడు, అది తప్పు, ఎమ్మార్పీకి తగ్గించి అమ్మొచ్చు గానీ పెంచకూడదు. చిల్లరకు బదులు చాక్లెట్ ఇచ్చేది కూడా ఆయనే. ఆ వీధికి పోవడం మానేసినా.

ఇప్పుడు మా ఇంట్లో సబ్బులు, పేస్టులు మూడు నెలలకోసారి మార్ట్‌లో, బియ్యం, బేడలు, బొరుగులు, మిరపకాయలు అంగట్లో. రాత్రి పదింటికి పాప డైపర్లు అయిపోతే తప్ప యాప్ జోలికి పోము, అదీ ముందు అంగడన్నకు ఫోన్ కొట్టి, షట్టర్ వేసేసినా అంటేనే.