బుడాపెస్ట్‌లో ఒక సాయంత్రం, ఏడు తలుపులు

"మూడు గంటలు ఒపేరాలో కూర్చోబెడితే నేను రాను" అని మా ఆయన ముందే తేల్చేశారు. అందుకే హంగేరియన్ స్వరకర్త బార్తోక్ చేసిన చిన్న ఒపేరా (పాటల్లోనే నడిచే నాటకం) 'బ్లూబియర్డ్ కోట'కి టికెట్లు తీసుకున్నాను. ఒకే అంకం, సుమారు గంట. పాడేది ఇద్దరే.

ఆంద్రాశీ వీధి దగ్గర ఒక పాత భవనంలో ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాం. శుభ్రంగా ఉంది, కానీ నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఆ ముక్క బుకింగ్ పేజీలో ఎక్కడో అడుగున ఉందట! సూట్‌కేసులు మోసేసరికి నడుములు పడిపోయాయి. అయితే ఒపేరాకి నడిచే వెళ్లొచ్చు, రాత్రి టాక్సీ గొడవ ఉండదు. దూరంగా దిగినవాళ్లకి 1896 నాటి పసుపు రంగు మెట్రో ఉంది. ఒపేరా పేరుతోనే స్టేషన్, రోడ్డు మీంచి నాలుగు మెట్లు దిగితే ప్లాట్‌ఫారమే.

ఒపేరా భవనం 1884లో తెరిచినది. మరమ్మతులు చేసి 2022లో మళ్లీ తెరిచారు. లోపల బంగారు పూత, పాలరాయి... చూడటానికే ఒక పూట పడుతుంది. పొరపాటంతా టికెట్ల దగ్గర చేశాను. చవక కదా అని పై గ్యాలరీలో పక్క సీట్లు తీసుకుంటే స్టేజీ సగమే కనిపించింది. తెర మీద పడే ఇంగ్లిష్ అనువాదం చదవాలంటే మెడ తిప్పాలి. డబ్బు ఆదా చేయాలంటే హోటల్ దగ్గర చేయండి, ఇక్కడ వద్దు.

కథ చదివి వెళ్లడం మాత్రం మంచిదైంది. పుట్టింటిని వదిలి కోట యజమాని బ్లూబియర్డ్ వెంట వచ్చిన కొత్త భార్య జూడిత్, ఆ చీకటి కోటలో ఏడు తలుపులకీ తాళాలు అడుగుతుంది. చిత్రహింసల గది, ఆయుధాలు, నగలు, పూలతోట: తెరిచిన ప్రతిచోటా రక్తపు మరకే. ఐదో తలుపు తెరుచుకోగానే ఆర్గన్‌తో సహా ఆర్కెస్ట్రా అంతా ఒక్కసారి విరుచుకుపడింది. నేను పట్టుకున్న చెక్క రెయిలింగ్ అదిరింది. అతని రాజ్యమంతా కళ్లముందుంటే జూడిత్ మాత్రం ఏ వాద్యమూ తోడు లేకుండా, పొడిగా, "అందమైనది, పెద్దది నీ రాజ్యం" అంటుంది. నాకు ఒళ్లు జలదరించింది అక్కడే. ఆరోది కన్నీటి సరస్సు. ఏడో తలుపు వెనక మునుపటి భార్యలు ముగ్గురు, బతికే ఉన్నారు.

బార్తోక్ దీన్ని 1911లో రాస్తే పోటీలో పక్కన పెట్టేశారు. 1918 మే 24న ఇదే భవనంలో తొలిసారి ఆడింది. బేలా బలాజ్ రాసిన మాటలు పాటలా కాక మాట్లాడినట్టే వినిపిస్తాయి. హంగేరియన్‌లో ప్రతి మాటకీ మొదటి అక్షరం మీదే ఊనిక. బార్తోక్ ఊళ్లు తిరిగి ఫోనోగ్రాఫ్ (పాతకాలపు రికార్డింగ్ యంత్రం) మీద పల్లెపాటలు పట్టుకొచ్చినవాడు కదా, ఆ నడక అతనికి బాగా తెలుసు.

తిరిగి మెట్లెక్కుతుంటే మా ఆయన ఆగి, "ఆ అమ్మాయి ఐదో తలుపు దగ్గర ఆగిపోతే సరిపోయేది" అన్నారు.

"అసలు అతను మొదటి తాళం ఎందుకిచ్చాడు?" అన్నాను.

నాలుగో అంతస్తు చేరేదాకా ఇదే గొడవ.